కావలివాళ్ల వీధిలో



బైబిలులో పరమగీతము అని ఒక చిన్న పుస్తకం ఉంది. మొత్తం ఎనిమిది అధ్యాయాలు. పస్కా పండుగ రోజుల్లో యూదులు దీన్ని చదువుకుంటారు. మన తెలుగు క్రైస్తవుల ఇళ్లలోనూ ఇది తెలిసిన పుస్తకమే. ఇందులోది దేవుడికీ ఆయన ప్రజలకూ మధ్య ఉన్న ప్రేమ అని పెద్దలు వ్యాఖ్యానించారు. ఆ అర్థానికి ఉన్న గౌరవం దానికుంది. ఉన్నది ఉన్నట్టు చదివితే మాత్రం ఇందులో ఎక్కువగా వినిపించేది ఒక పడుచుపిల్ల గొంతు. ఆమెకు తల్లి ఉంది, అన్నదమ్ములు ఉన్నారు, తండ్రి ఊసు మాత్రం పుస్తకంలో ఎక్కడా రాదు. అన్నదమ్ములు కోపగించి ఆమెను ద్రాక్షతోటలకు కాపలా పెట్టారు. ఆ పనిలో పడి తన సొంత తోటను కాచుకోలేకపోయానని మొదటి అధ్యాయంలోనే చెప్పుకుంటుంది. మూడో అధ్యాయంలో రాత్రివేళ పడక మీంచి లేచి, తాను ప్రేమించినవాణ్ని వెతుక్కుంటూ పట్నం వీధుల్లోకి వస్తుంది. గస్తీ తిరిగే కావలివాళ్లు ఎదురైతే, అతన్ని చూశారా అని వాళ్లనే అడుగుతుంది. అయిదో అధ్యాయంలో మళ్లీ అలాగే బయల్దేరుతుంది. ఈసారి కావలివాళ్లు ఆమెను కొడతారు, గాయపరుస్తారు, పైనున్న వస్త్రం లాగేసుకుంటారు. ఎందుకు కొట్టారో పుస్తకం చెప్పదు. నగరంలో ప్రేమను వెతుక్కుంటూ నడిచిన ఒంటరి యూదు స్త్రీ కథల్లో ఇంతకన్నా పాతది నాకు తెలియదు. రెండు వేల ఏళ్లకు పైబడిన ఆ వీధి హైదరాబాదు శివారులోని మన మీర్‌పేట్ దాకా ఎలా వచ్చిందో ఈ పూట మీతో మాట్లాడాలని ఉంది.

యూదులకూ మనకూ ఏమిటి సంబంధం అని మీరు అడగవచ్చు. సంబంధం గుంటూరు జిల్లాలో ఉంది. చేబ్రోలు మండలం కొత్తరెడ్డిపాలెంలో కొన్ని పదుల కుటుంబాలు తమను బెనె ఎఫ్రాయిమ్ అని, అంటే ఎఫ్రాయిము సంతతి అని చెప్పుకుంటాయి. వాళ్లు మాదిగలు. తాతల కాలంలో బాప్టిస్టు క్రైస్తవం తీసుకున్నవాళ్లు. 1980ల చివరి నుంచి షాముయేల్ యాకోబి, సాదోక్ యాకోబి సోదరుల నాయకత్వంలో యూదు ఆచారాలు పాటించడం మొదలుపెట్టారు. సినగాగ్ అనే చిన్న ప్రార్థనా మందిరం కట్టుకున్నారు, పిల్లలకు హీబ్రూ అక్షరాలు నేర్పారు, శనివారం పని మానేసి విశ్రాంతి దినం పాటించారు. గొడ్డు మాంసం తినడం, చనిపోయినవాళ్లను పూడ్చిపెట్టడం లాంటి తమ ఆచారాలు యూదుల పాత అలవాట్ల గుర్తులేనని వాళ్ల పెద్దలు వాదించారు. ఈ సముదాయం మీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ కలిసి చేసిన అధ్యయనం 2013లో పుస్తకంగా వచ్చింది. దేశం మొత్తం మీద 2011 జనాభా లెక్కల్లో యూదులుగా నమోదైనవాళ్లు అయిదు వేలకు లోపే. అందులో తెలుగు మాట్లాడే ఈ గుప్పెడు మంది మరీ చిన్న భాగం. ఇక మీర్‌పేట్ సంగతి మీకు తెలిసిందే. దిల్‌సుఖ్‌నగర్, కర్మన్‌ఘాట్ దాటి నగరం ఇటు పాకుతూ వచ్చింది, చెరువుల పక్కన కాలనీలు లేచాయి, ఊరు కాస్తా 2019లో మున్సిపల్ కార్పొరేషన్ అయింది. చదువుకో, ఉద్యోగానికో, కిరాయి తక్కువని కుటుంబంతోనో నలుమూలల నుంచీ జనం ఇక్కడికి వచ్చి చేరారు. కొత్తరెడ్డిపాలెంలోని ఆ గుప్పెడు ఇళ్లలోంచి ఒక అమ్మాయి ఇక్కడికి వచ్చి, ఒక గది తీసుకుని, ఉద్యోగం చేసుకుంటోందని అనుకుందాం. నేను చెబుతున్నది ఏ ఒక్క మనిషి కథా కాదు. అలాంటి అమ్మాయి ఎవరైనా సరే ఎదుర్కోక తప్పని స్థితి గురించి చెబుతున్నాను. ఆమెకు ముప్పై ఏళ్లు దగ్గరపడుతున్నాయి, పెళ్లి కాలేదు. ప్రేమ కావాలి. తాను ఎవరో కూడా తేలాలి.

నా వాదన ఒక్కటే. ఈ రెండూ విడివిడి వెతుకులాటలు కావు. తానెవరో తేల్చుకునే వ్యవధి ఇవ్వకుండా ప్రేమను వెతుక్కోమనడం, ఎవరిదో తోటకు కాపలా ఉంటూ తన తోటను చూసుకోమన్నట్టు ఉంటుంది. మనం, అంటే ఇరుగుపొరుగు, ఇంటి ఓనర్లు, బంధువులు, ఆమెకు సంబంధాలు చూడటంలో చూపే తొందరలో పదో వంతు శ్రద్ధ ఆ వ్యవధి మీద పెట్టడం లేదు.

కావలివాళ్లు ఇవాళ లాఠీలతో కనబడరు. మొదటి కావలివాడు టు-లెట్ బోర్డు దగ్గరే ఉంటాడు. గది చూడటానికి వెళ్లిన అమ్మాయిని అడ్వాన్స్ మాట కన్నా ముందు అడిగేది, ఏ ఊరు, ఎవరి పిల్ల, పెళ్లయిందా, మీరేమిట్లు అని. ఈ చివరి ప్రశ్న తెలుగులో ఎంత మెత్తగా వినిపిస్తుందో అంత గట్టిది. దానికి జవాబు ఒక కులం పేరై ఉండాలి. యూదులం అని చెబితే అడిగినవాళ్లకు అర్థం కాదు. క్రిస్టియన్సా అని సర్దుకుంటారు. కాదంటే, మరి అసలు ఏమిట్లు అని మళ్లీ మొదటికే వస్తారు. మాదిగలం అంటే గది ఖాళీ లేదనే మాట రావడానికి ఎక్కువసేపు పట్టదు. ఆమె పేరు రూతో ఎస్తేరో అయితే, ఆ పేర్లు క్రైస్తవుల ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నవే కాబట్టి, పేరు కూడా ఆమె తరఫున మాట్లాడదు. రోజూ ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పుకోవలసి వచ్చిన మనిషి రాత్రి తలుపు వేసుకున్నాక, తనకు తాను చెప్పుకునే జవాబు ఏమిటో వెతుక్కోక తప్పదు.

రెండో కావలి కాగితాలది. దీని గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఈ చిక్కు చాలామంది దృష్టిలో పడదు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు ఉంటుంది. మరో మతం చెప్పుకున్నవాళ్లకు ఉండదు. అంటే నేను యూదురాలిని అని కాగితం మీద రాసిన రోజున ఆమె ఎస్సీ హోదా పోతుంది. పోనీ మైనారిటీగానైనా గుర్తింపు ఉందా అంటే, జాతీయ మైనారిటీల జాబితాలో ఉన్న ముస్లింలు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పార్సీలు, జైనుల సరసన యూదుల పేరు లేదు. మహారాష్ట్ర 2016లో, గుజరాత్ 2018లో తమ రాష్ట్రాల వరకు ఆ హోదా ఇచ్చాయి. పెళ్లి చట్టాలు చూద్దాం. 1955 నాటి హిందూ వివాహ చట్టం రెండో సెక్షన్ అది ఎవరికి వర్తించదో చెబుతూ ముస్లిం, క్రైస్తవ, పార్సీ మతస్థులతో పాటు యూదుల పేరు కూడా తీస్తుంది. క్రైస్తవులకు 1872 చట్టం ఉంది, పార్సీలకు 1936 చట్టం ఉంది. యూదుల పెళ్లికి మాత్రం మన దేశంలో విడిగా రాసిన చట్టమే లేదు, ఆచారమే ఆధారం. ప్రార్థనలో ఒకటి, సర్టిఫికెట్‌లో ఒకటి, పెళ్లిళ్ల వెబ్‌సైట్ కాలమ్‌లో మరొకటి. ఇన్ని గళ్లలో సగం సగం పట్టే మనిషిని, నీకెలాంటి భర్త కావాలమ్మా అని అడిగితే ఆమె తడబడటం సహజం. ఆ తడబాటును మనం పొగరు అంటాం, లేకపోతే వయసు మీరుతున్నా తెలివి రాలేదంటాం. ఈ మాటలు నాకు చాలా బాధ కలిగిస్తాయి. ఆమె తడబడుతున్నది మనం గీసిన గళ్ల దగ్గరే కదా.

ఇప్పుడు ఎదురుమాటలు విందాం. మొదటిది పెద్దవాళ్ల భయంలోంచి వచ్చేది. నగరంలో ఒంటరి ఆడపిల్లకు రక్షణ ఏది, ఎవరో ఒకరి చేతిలో పెడితే మన బాధ్యత తీరుతుంది కదా అంటారు. భయం అబద్ధం కాదు. హైదరాబాదులో 2014లో షీ టీమ్స్ మొదలుపెట్టవలసి వచ్చిందంటేనే వీధి ఎలా ఉందో తెలుస్తోంది. అయితే పెళ్లిని రక్షణ అనుకోవడానికి రుజువు ఏమిటి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లను అడిగితే, ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా భర్త చేతి హింసను చవిచూశామన్నారు. 2025 జనవరిలో మన మీర్‌పేట్‌లోనే భార్యను చంపాడన్న అభియోగం మీద ఒక భర్త అరెస్టయిన సంగతి మీలో చాలామందికి ఇంకా గుర్తుండే ఉంటుంది. ఆ ఇంటి వివరాలు తవ్వడం ఆ తల్లికి గౌరవం కాదు, అవి ఇక్కడ చెప్పను. నేను అడిగేది ఇంతవరకే. వీధిలో ప్రమాదం ఉంది కాబట్టి ఇంట్లోకి పంపుతామంటే, ఆ ఇల్లు ఎలాంటిదో, అందులోకి వచ్చే మనిషి ఎవరో గుర్తుపట్టగలిగేది ఆమె ఒక్కతే. తన ఇష్టానిష్టాలు, తాను ఓర్చగలిగేది, ఓర్చకూడనిది తనకు తెలిసిన అమ్మాయి ఆ గుర్తుపట్టే పని బాగా చేస్తుంది. ఆ ఎరుక ఒక్క పూట పెళ్లిచూపుల్లో రాదు. జీతం తన చేతిలో పడి, తన వంట తాను వండుకుని, తన జబ్బుకు తానే మందులు తెచ్చుకుని, కొన్నేళ్లు గడిపితే వస్తుంది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. దాన్ని కొందరు తేలిగ్గా మాట్లాడుతున్నారు. ఇంటి నుంచి బయటికి రావడానికి కారణం చెప్పి చిల్లర అడగక్కర్లేకపోవడం ఎంత పెద్ద సంగతో అడగాల్సి వచ్చినవాళ్లకు తెలుస్తుంది.

రెండో మాట సముదాయం పెద్దలది. గుప్పెడు మందిమి, మా పిల్లలు బయట చేసుకుంటే మేం మిగలం అంటారు. నాకు అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ ఇదే అనిపిస్తుంది. పైగా రబ్బీల, అంటే యూదు మతగురువుల, సంప్రదాయంలో యూదుత్వం తల్లి నుంచి పిల్లలకు వస్తుంది కాబట్టి ఆడపిల్ల మీద పడే ఒత్తిడి రెట్టింపు. కొచ్చిన్ సంగతి ఇక్కడ తెలుసుకోవాలి. మట్టంచేరిలో 1568లో కట్టిన పరదేశి సినగాగ్ ఉంది. అక్కడి పరదేశి యూదులు తమ తోటి యూదుల్లోనే కొందరిని తక్కువవాళ్లుగా చూసి, పిల్లనివ్వలేదు, పిల్లను తెచ్చుకోలేదు. ఆ తక్కువ చూపుకు గురైన కుటుంబంలో పుట్టిన లాయరు ఎ.బి. సేలం సినగాగ్‌లో సమాన స్థానం కోసం పోరాడాడు, యూదు గాంధీ అనిపించుకున్నాడు. ఆయన కొడుకు పరదేశి అమ్మాయిని చేసుకోవడానికి 1950 ప్రాంతంలో బొంబాయి వెళ్లవలసి వచ్చింది. అంత కట్టడిగా గేటు వేసుకున్నా పరదేశి యూదులు ఇవాళ వేళ్ల మీద లెక్కపెట్టేంత మందికి దిగారు. ఇజ్రాయెల్‌కు వలస దానికి పెద్ద కారణం, ఆ నిజం దాచకూడదు. గేటు వేసుకోవడం మాత్రం వాళ్లను కాపాడలేదు. ఇక బెనె ఎఫ్రాయిమ్ వాళ్ల మూలపురుషుడు ఎఫ్రాయిము ఎవరు? ఐగుప్తులో యోసేపుకు ఆసెనతు వల్ల పుట్టినవాడు. ఆమె ఐగుప్తు యాజకుడి కూతురు. దావీదు రాజు ముత్తవ్వ రూతు మోయాబు పిల్ల. తన పేరులోనే బయటి తల్లిని మోసుకొస్తున్న సంతతి, బయటి పెళ్లితో అంతా పోతుందని భయపడనక్కర్లేదు. పోతే పోనీ అని నేను అనడం లేదు. ఆ అమ్మాయికి తన ప్రార్థనల మీద, తన మాటల మీద, తన పండుగల మీద సొంతంగా ఇష్టం కుదిరితే, ఎవరిని చేసుకున్నా వాటిని వెంట తెచ్చుకుంటుంది. ఇష్టం కుదరకపోతే సొంతవాళ్లలోనే చేసుకున్నా అవి ఆ ఇంట్లో ఎక్కువకాలం నిలవవు.

అరుంధతి సంగతి కూడా ఇక్కడ చెప్పాలనిపిస్తోంది. తెలుగు పెళ్లిలో కొత్త జంటకు ఆకాశంలో అరుంధతిని చూపిస్తారు. ఆ అరుంధతి తమ ఆడపడుచని మాదిగలు చెప్పుకుంటారు, అరుంధతీయులమని పేరు కూడా పెట్టుకున్నారు. అన్ని కులాల పెళ్లికూతుళ్లకూ ఆదర్శంగా చూపే నక్షత్రం ఆ వాడ పిల్ల. దళితవాడల్లో పుట్టినవాళ్ల పెళ్లి విషయం వచ్చేసరికి మాత్రం కత్తులు లేస్తాయి. మిర్యాలగూడలో 2018 సెప్టెంబరులో పెళ్లి చేసుకున్న నేరానికి ఒక దళిత యువకుణ్ని ఆసుపత్రి బయట చంపించారు. 2022 మే నెలలో మనకు కూతవేటు దూరంలో ఉన్న సరూర్‌నగర్‌లో, వేరే మతం అమ్మాయిని చేసుకున్న మరో దళిత యువకుణ్ని ఆమె కళ్లెదుటే కొట్టి, పొడిచి చంపారు. దేశంలో కులాంతర వివాహాలు ఇప్పటికీ చాలా తక్కువగా ఉన్నాయంటే, ఇలాంటి హత్యల భయం కూడా అందుకు ఒక కారణమే. ఇంతటి ప్రమాదం మధ్య ప్రేమను వెతుక్కునేవాళ్లు తమ మనసు తమకు స్థిరంగా తెలిసి ఉండటం ప్రాణావసరం.

చట్టం ఒక దారి తెరిచింది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద ఏ మతంవాళ్లయినా, తమ మతం మార్చుకోకుండా, ముగ్గురు సాక్షుల ముందు పెళ్లి చేసుకోవచ్చు. మన అమ్మాయికి కులమతాల గళ్లేవీ అక్కర్లేని పెళ్లి అది. అయితే ఆ దారిలోనూ కావలి ఉంది. ముందుగా నోటీసు ఇవ్వాలి, ఆ నోటీసు ఆఫీసులో అందరికీ కనబడేచోట అతికించాలి, ముప్పై రోజులు ఆగాలి. చట్టం ఆగమన్నది న్యాయమైన అభ్యంతరాల కోసం. ఆ ముప్పై రోజులు అక్కరకొస్తున్నది మాత్రం తరుముకొచ్చే బంధువులకే. 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు ఆ నోటీసు బయటపెట్టడం జంట ఇష్టానికే వదిలేయాలంది. అంతకు ముందు, 2018లో షఫీన్ జహాన్ కేసులో, వయసొచ్చిన మనిషి తనకు నచ్చినవాళ్లను ఎంచుకోవడం రాజ్యాంగం ఇచ్చిన స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు తేల్చింది. కోర్టుల మాట ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు రిజిస్ట్రార్ ఆఫీసు గోడకు ఆ కావలి పని ఇంకా ఎందుకు అప్పగించాలో నాకు అర్థం కాదు.

మూడో ఆక్షేపణ కొంచెం చదువుకున్నవాళ్ల నుంచి వస్తుంది. తనను తాను తెలుసుకోవడం, మనసులోకి తొంగిచూసుకోవడం, ఇవన్నీ కడుపు నిండినవాళ్ల కబుర్లు, కూలీ ఇంట్లోంచి వచ్చిన పిల్లకు ఇవి ఎందుకు అంటారు. దీనికి జవాబు కొత్తరెడ్డిపాలెంలోనే ఉంది. ఆ సముదాయంలో ఎక్కువమంది పొలాల్లో కూలికి వెళ్లినవాళ్లే. వాళ్లు మేమెవరం అని తమను తాము అడిగారు. ఊరు పెట్టిన పేరు వద్దనుకున్నారు, మిషన్ ఇచ్చిన పేరూ చాలదనుకున్నారు, సముద్రాల అవతలి చరిత్రలో తమ చోటు వెతుక్కున్నారు. ఇజ్రాయెల్ వెళ్లడం కోసమే ఇదంతా అన్నవాళ్లున్నారు. ఆ ఆశ ఎవరికైనా ఉంటే అందులో తప్పేముంది? చరిత్ర పరంగా వాళ్ల మాట ఎంతవరకు నిలుస్తుందన్నది వేరే చర్చ. మనిషి తన పేరు తానే పెట్టుకునే హక్కు కోసం చేసిన ప్రయత్నంగా నేను దాన్ని గౌరవిస్తాను. గోగు శ్యామల కూర్చిన నల్లపొద్దు లాంటి దళిత స్త్రీల రచనల సంకలనాలు మన భాషలో రావడం వెనుక ఉన్నదీ ఈ ఆకలే. తిండి ఆకలి తీరాక పుట్టేది కాదు ఇది, దాని పక్కనే ఉంటుంది. మరి ఊరంతటినీ ఎదిరించి నేనెవరో నేనే చెబుతానన్న తల్లిదండ్రులు, అదే మాట కూతురు తన గదిలోంచి అంటే కాదనడం ఎలా కుదురుతుంది? ఆమె వాళ్ల పనినే ఇంకొంచెం ముందుకు తీసుకెళుతోంది.

చివరిగా ఇంకో మాట వినబడుతుంది, పెళ్లికాని ఆడదానికి ఇల్లెక్కడిది అని. 2011 జనాభా లెక్కల్లో పెళ్లికానివాళ్లు, భర్త పోయినవాళ్లు, విడిపోయినవాళ్లు కలిపి ఒంటరి మహిళలు దేశంలో 7 కోట్లు దాటారు. తెలంగాణ ప్రభుత్వం 2017లో ఒంటరి మహిళలకు పింఛను మొదలుపెట్టినప్పుడు, వాళ్లు ఉన్నారని అధికారికంగా ఒప్పుకున్నట్టే అయింది. ఇంతమందీ ఎక్కడో ఒకచోట ఉంటున్నారు, పొయ్యి వెలిగిస్తున్నారు. మన ఊహలో మాత్రం వాళ్లది ఇంకా ఇల్లు కాలేదు, మజిలీగానే మిగిలింది. మీర్‌పేట్‌లో ఆ అమ్మాయి నడిచి వెళ్లగలిగే దూరంలో సినగాగ్ లేదు. పాత పద్ధతి ప్రకారం సామూహిక ప్రార్థనకు పదిమంది మగవాళ్లు కావాలి, ఆ పదిమందీ ఇక్కడ లేరు. శుక్రవారం సాయంత్రం దీపం సంగతి వేరు. విశ్రాంతి దినానికి స్వాగతంగా, సూర్యుడు అస్తమించక ముందు ఇంట్లో దీపం వెలిగించాలన్నది యూదుల ఆచారం, అది ముఖ్యంగా స్త్రీ చేతి పని. భర్త ఉండాలని లేదు, పదిమంది కూడాలని లేదు, ఒంటరిగా ఉన్న స్త్రీ కూడా వెలిగించవలసిందే. ఆఫీసు నుంచి బస్సు దిగి, పొద్దువాలక ముందే గదికి చేరి, రెండు కొవ్వొత్తులు వెలిగించి, చేతులతో కళ్లు కప్పుకుని నాలుగు మాటలు ఆమె తనలో తాను చెప్పుకుంటుంది. ఆ సమయంలో కింద వాటాలోంచి ఎవరైనా పైకి వెళ్లి తలుపు తట్టవచ్చు. తట్టినవాళ్లు ఏమిట్లు అని కాకుండా, ఏం చేస్తున్నావమ్మా అని అడిగితే ఆమె చెబుతుంది.